కమాండ్ లైన్‌లో విషయసూచిక: మీ ఔట్‌లైన్‌కి ఏ టూల్ సరిపోతుంది?

విషయసూచికను చేత్తో టైపు చేసేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. డాక్యుమెంటు పూర్తయ్యాక ఒక్కో అధ్యాయం దగ్గరికి వెళ్లి పేజీ నంబరు చూసుకోవడం, మళ్లీ మొదటి పేజీకి వచ్చి రాసుకోవడం. ఆ తర్వాత ఎవరో మధ్యలో రెండు పేరాలు కలుపుతారు. అక్కణ్ణుంచి పేజీలన్నీ జరిగిపోతాయి, సూచిక మాత్రం పాత నంబర్లనే చూపిస్తూ ఉంటుంది. చదివేవాళ్లు 47వ పేజీకి వెళ్లి, కావలసింది అక్కడ లేక ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ విసిగిపోతారు. ఇది మనిషి కూర్చుని చేయాల్సిన పనే కాదు. డాక్యుమెంటులో ఔట్‌లైన్, అంటే హెడ్డింగుల అంచెల క్రమం, సరిగ్గా ఉంటే ఒక్క కమాండ్‌తో సూచిక వచ్చేస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ అదే కమాండ్ మళ్లీ నడిపితే సరిపోతుంది.

చిక్కల్లా ఏ టూల్ వాడాలన్న దగ్గరే. వెతికితే బోలెడు పేర్లు కనిపిస్తాయి, అన్నీ విషయసూచిక తయారు చేస్తామనే చెబుతాయి. నిజానికి వాటిలో ఒకటి మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులు పెట్టి హెడ్డింగులూ లింకులూ రాసే పద్ధతి) ఫైల్లో లింకుల జాబితా పెడుతుంది. ఇంకోటి పీడీఎఫ్ తెరిచినప్పుడు ఎడమ పక్కన కనిపించే బుక్‌మార్కులు పెడుతుంది. మరొకటి అచ్చు పుస్తకంలో ఉన్నట్టు చుక్కల గీత, చివర పేజీ నంబరుతో విడిగా ఒక పేజీనే తయారు చేస్తుంది. మూడూ వేరే వేరే పనులు. ఒకదాని కోసం ఉన్న టూల్‌తో ఇంకోటి చేయించబోయి గంటలు పోగొట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

కాబట్టి టూల్ పేరు చూసే ముందు రెండు ప్రశ్నలకి జవాబు తేల్చుకోండి. మూల ఫైలు మీ చేతిలో ఉందా, తయారైపోయిన పీడీఎఫ్ మాత్రమే ఉందా? చదివేవాళ్లకి నొక్కితే వెళ్లే లింకు చాలా, పేజీ నంబరు కూడా కావాలా? ఈ రెండు తేలితే పేర్లలో సగానికి పైగా వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

పేజీ నంబరు ఎవరికి తెలుసు?

రెండో ప్రశ్న ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్పాలి. హెడ్డింగులు ఎవరికైనా తెలుస్తాయి, ఫైలు చదివితే చాలు. ఏ హెడ్డింగు ఏ పేజీలో పడుతుందో మాత్రం పేజీలు పేర్చే ప్రోగ్రాముకే తెలుసు. అదీ పేర్చడం పూర్తయ్యాకే తెలుస్తుంది. పైగా సూచిక కూడా కొన్ని పేజీలు తీసుకుంటుంది కాబట్టి, అది వచ్చి చేరగానే వెనక ఉన్న నంబర్లన్నీ మారిపోతాయి.

పుస్తకాల పేజీలు పేర్చే లేటెక్ అనే ప్రోగ్రాములో ఇది కళ్లకి కనపడుతుంది. మొదటిసారి నడిపినప్పుడు అది హెడ్డింగులనీ పేజీ నంబర్లనీ ఒక చిన్న టీఓసీ (టేబుల్ ఆఫ్ కంటెంట్స్) ఫైల్లో రాసుకుంటుంది. సూచిక పేజీ మాత్రం ఖాళీగా వస్తుంది. రెండోసారి నడిపితే ఆ ఫైలు చదివి సూచిక వేస్తుంది. సూచిక పెరిగి రెండో పేజీలోకి పాకితే లెక్క మళ్లీ తప్పుతుంది, మూడోసారి నడపాలి. లేటెక్‌ఎంకే అనే కమాండ్ వాడితే ఎన్నిసార్లు నడపాలో అదే చూసుకుంటుంది. పేజీలు పేర్చే ఇంకో ప్రోగ్రాము గ్రాఫ్ (groff), దానిది లేటెక్ కన్నా పాత పద్ధతి. అది ఫైలుని మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదువుతుంది. అందుకే దాని ఎంఎస్ మాక్రోల్లో (ముందే తయారుగా ఉన్న ఆదేశాల కట్టలో) సూచికను వేయమనే ఆదేశం డాక్యుమెంటు చివర్లో ఉంటుంది. సూచిక కూడా చివరే వస్తుంది, దాన్ని ముందుకి తెచ్చుకోవడం వేరే పని.

వర్డ్ ఫైలు విషయంలోనూ ఇదే కారణం పని చేస్తుంది. బయటి టూల్ ఏదైనా వర్డ్ ఫైలుని తయారు చేయగలదు, కానీ పేజీలు పేర్చేది వర్డే. అందుకని బయటి టూల్ సూచిక ఉండాల్సిన చోట ఒక ఫీల్డ్ మాత్రం పెట్టి ఊరుకుంటుంది. వర్డ్‌లో తెరిచి ఆ ఫీల్డ్‌ని అప్‌డేట్ చేస్తే తప్ప నంబర్లు రావు. సూచిక ఖాళీగా ఉందని టూల్‌ని తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

మార్క్‌డౌన్ ఫైల్లోనే సూచిక కావాలంటే

ఇది అన్నిటికన్నా తేలిక పని. ప్రాజెక్టుతో పాటు ఉండే రీడ్‌మీ ఫైలుకి, నోట్సుకి పేజీలు ఉండవు, లింకులే కావాలి. డాక్‌టాక్, మార్క్‌డౌన్ టాక్ అని రెండు టూల్స్ ఇందుకు పేరుపడ్డాయి. రెండూ ఎన్‌పీఎం అనే ప్యాకేజీ మేనేజర్‌తో ఇన్‌స్టాల్ అవుతాయి. ఫైల్లో కామెంటు గుర్తుల మధ్య సూచికను రాస్తాయి. మళ్లీ నడిపితే ఆ గుర్తుల మధ్య ఉన్న భాగాన్నే మారుస్తాయి, మీరు రాసుకున్న మిగతా వచనాన్ని ముట్టుకోవు.

నేను డాక్‌టాక్ వైపే మొగ్గుతాను. ఒక ఫోల్డర్ పేరు ఇస్తే అందులో ఉన్న మార్క్‌డౌన్ ఫైళ్లన్నిటికీ ఒకేసారి సూచిక పెడుతుంది. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్‌లు హెడ్డింగు నుంచి లింకు పేరుని తయారు చేసే పద్ధతులు ఒకేలా ఉండవు. ఏ సైటు కోసం రాస్తున్నారో డాక్‌టాక్‌కి చెప్పవచ్చు. ఎన్ని అంచెల వరకూ చూపాలో కూడా ఒక ఆప్షన్‌తో ఆపవచ్చు. సూచిక ఎక్కడ రావాలో మీరే కామెంటు గుర్తుతో ఖచ్చితంగా చూపించడం ఇష్టమైతే మార్క్‌డౌన్ టాక్ బాగుంటుంది, కాకపోతే చాలా కాలంగా దానికి కొత్త వెర్షన్లు రాలేదు. గిట్‌హబ్‌లోనే చదివే ఫైలైతే ఇంకో మాట. 2021 నుంచి గిట్‌హబ్ తన పేజీలో రీడ్‌మీకి సూచికను తానే చూపిస్తోంది. చిన్న ఫైలుకి అది చాలు, ఏ టూలూ అక్కర్లేదు.

పాన్‌డాక్: చాలామందికి ఇదే చాలు

మూల ఫైలు మీ దగ్గర ఉండి, దాన్నుంచి పీడీఎఫ్, వెబ్ పేజీ, ఈపబ్, వర్డ్ ఇలా రకరకాలు తీయాలంటే ముందు పాన్‌డాక్‌నే చూడండి. జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము మార్క్‌డౌన్, ఆర్గ్, వర్డ్, హెచ్‌టీఎంఎల్, లేటెక్ వంటి ఫార్మాట్లను ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంది. రెండు గీతలు పెట్టి టీఓసీ అని ఆప్షన్ ఇస్తే సూచిక వస్తుంది. చెప్పకపోతే మూడు అంచెల వరకూ హెడ్డింగులు తీసుకుంటుంది, టీఓసీ డెప్త్ అనే ఆప్షన్‌తో తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది ఒకచోట. హెచ్‌టీఎంఎల్‌కి మార్చేటప్పుడు టీఓసీ ఆప్షన్ ఒక్కటే ఇస్తే ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. స్టాండలోన్ అనే ఆప్షన్ కూడా ఇవ్వాలి. సూచికను ఎక్కడ పెట్టాలో చెప్పేది టెంప్లేటు, స్టాండలోన్ లేకపోతే ఆ టెంప్లేటే ఉండదు. పీడీఎఫ్, వర్డ్, ఈపబ్‌లకి ఈ బాధ లేదు, వాటికి స్టాండలోన్ దానంతటదే అమలవుతుంది.

సూచికలో కనపడకూడని హెడ్డింగులు కొన్ని ఉంటాయి, కృతజ్ఞతలు, కాపీరైట్ పేజీ లాంటివి. ఆ హెడ్డింగు పక్కన మీసాల బ్రాకెట్లలో అన్‌నంబర్డ్, అన్‌లిస్టెడ్ అనే రెండు క్లాసులూ పెడితే అది సూచికలోకి రాదు. రెండూ కలిపి పెట్టాలి. ఈ చిన్న సౌకర్యం చాలా టూల్స్‌లో ఉండదు, పాన్‌డాక్‌ని ఇష్టపడటానికి నాకు ఇదీ ఒక కారణం.

పీడీఎఫ్ విషయానికొస్తే, పాన్‌డాక్ తనంతట తాను పేజీలు పేర్చదు. వెనక ఇంకో ఇంజన్‌ని పిలుస్తుంది. మీరేమీ చెప్పకపోతే పీడీఎఫ్‌లేటెక్‌ని పిలుస్తుంది. తెలుగు రాసిన ఫైలు దానితో నడవదు. జీలేటెక్ ఎంచుకుని, మెయిన్ ఫాంట్‌గా ఒక తెలుగు ఫాంట్ పేరూ, ఫాంట్ ఆప్షన్లలో లిపి తెలుగు అనీ ఇవ్వాలి. అప్పుడు సూచికలో ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడతాయి, పేజీ నంబర్లూ వస్తాయి, పక్కన బుక్‌మార్కులూ వస్తాయి. మూడూ ఒకే కమాండ్‌తో రావడం చిన్న విషయం కాదు.

ఈపబ్ కథ వేరు. ఈబుక్‌లో పేజీలు స్థిరంగా ఉండవు, అక్షరం సైజు పెంచితే పేజీల లెక్కే మారిపోతుంది. అక్కడ సూచిక అంటే నావిగేషన్ ఫైలు, అందులో లింకులు. దాన్ని పాన్‌డాక్ మీరు అడగకపోయినా తయారు చేస్తుంది, ఎంత లోతు వరకూ అన్నది మాత్రం మీరు చెప్పవచ్చు.

హెచ్‌టీఎంఎల్ నుంచి పీడీఎఫ్‌కి వెళ్లేవాళ్లకి

ఈ దారిలో ఎక్కువగా వినపడే పేరు డబ్ల్యూకే హెచ్‌టీఎంఎల్ టు పీడీఎఫ్. ఔట్‌లైన్ నుంచి సూచిక తీసే పద్ధతిని ఇంత శుభ్రంగా ఆలోచించిన టూల్ ఇంకోటి తక్కువ. కమాండ్‌లో కవర్ పేజీ, తర్వాత టీఓసీ అనే మాట, తర్వాత అధ్యాయాల ఫైళ్లు వరసగా రాస్తారు. అది హెచ్1 నుంచి ఉన్న హెడ్డింగులన్నీ ఏరి ముందు ఒక ఎక్స్‌ఎంఎల్ ఔట్‌లైన్ తయారు చేస్తుంది. తర్వాత ఒక ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్ షీటు సాయంతో దాన్ని సూచిక పేజీగా మారుస్తుంది. డంప్ ఔట్‌లైన్ అనే ఆప్షన్‌తో ఆ ఔట్‌లైన్‌ని ఫైలుగా బయటికి తీసి చూడవచ్చు. లోపల ఉన్న స్టైల్ షీటుని కూడా బయటికి తీసి, మీకు కావలసినట్టు దిద్ది, తిరిగి ఇవ్వవచ్చు. అంటే ఔట్‌లైన్ ఒక చోట, దాని రూపం ఇంకో చోట. చుక్కల గీత వద్దన్నా, అంచె అంచెకీ అక్షరాలు ఎంత చిన్నవి కావాలన్నా విడివిడిగా ఆప్షన్లు ఉన్నాయి.

ఇంత బాగున్నా, కొత్త పని దీనితో మొదలుపెట్టమని చెప్పలేను. చివరి స్థిర విడుదల 0.12.6, అది 2020 జూన్‌లో వచ్చింది. 2023లో ప్రాజెక్టుని ఆర్కైవ్ చేశారు. లోపల వెబ్ పేజీని గీసే వెబ్‌కిట్ ఇంజన్ బాగా పాతది, ఈ రోజుల్లో రాసే సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపాన్ని చెప్పే భాషలో) చాలా భాగం దానికి అర్థం కాదు. ఎవరో పంపిన, నమ్మకం లేని హెచ్‌టీఎంఎల్‌ని దీనికి ఇవ్వొద్దని ఆ ప్రాజెక్టువాళ్లే హెచ్చరించారు. ఇంకో తలనొప్పి కూడా ఉంది. సూచిక సౌకర్యం పనిచేయాలంటే ప్రత్యేకంగా మార్చిన క్యూటీ లైబ్రరీతో కట్టిన వెర్షన్ ఉండాలి. కొన్ని లినక్స్ పంపిణీల్లో నేరుగా దొరికే ప్యాకేజీలో ఆ మార్పు ఉండదు. అప్పుడు సూచిక రాదు. ఇప్పటికే దీని మీద నడుస్తున్న వ్యవస్థ ఉంటే తొందరపడి మార్చనక్కర్లేదు, కానీ మార్చే ఆలోచన మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.

బదులుగా ఏమిటంటే, వీజీప్రింట్. పైథాన్‌లో రాసిన ఈ టూల్ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌ల నుంచి పీడీఎఫ్ తీస్తుంది. అక్షరాలు పేర్చడానికి పాంగో లైబ్రరీని వాడుతుంది కాబట్టి తెలుగు వంటి లిపులు చక్కగా పడతాయి. హెడ్డింగుల నుంచి బుక్‌మార్కులు తానే పెడుతుంది. సూచిక జాబితాని మాత్రం తాను తయారు చేయదు, అది హెచ్‌టీఎంఎల్‌లోనే ఉండాలి. అయితే ఆ జాబితాలో ఉన్న ప్రతి లింకు పక్కన, ఆ లింకు చేరే పేజీ నంబరుని సీఎస్ఎస్‌తో వేయించవచ్చు. అందుకు టార్గెట్ కౌంటర్ అనే ఫంక్షన్ ఉంది, మధ్యలో చుక్కల గీతకి లీడర్ అనే ఫంక్షన్ ఉంది.

మరి ఆ జాబితాని ఎవరు తయారు చేయాలి? పాన్‌డాక్. టీఓసీ ఆప్షన్‌తో పాన్‌డాక్ లింకుల జాబితా ఉన్న హెచ్‌టీఎంఎల్ ఇస్తుంది, వీజీప్రింట్ దానికి పేజీ నంబర్లు తగిలిస్తుంది. పాన్‌డాక్‌కే పీడీఎఫ్ ఇంజన్‌గా వీజీప్రింట్ పేరు చెబితే రెండూ కలిసి ఒకే కమాండ్‌లో నడుస్తాయి. లేటెక్ నేర్చుకునే ఓపిక లేక, సీఎస్ఎస్ బాగా వచ్చినవాళ్లకి నేను గట్టిగా చెప్పే సలహా ఇదే.

చేతిలో పీడీఎఫ్ మాత్రమే ఉంటే

అసలు ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. మూల ఫైలు లేదు. మూడొందల పేజీల పీడీఎఫ్ ఉంది, బుక్‌మార్కులు లేవు. ఫోన్లో ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి వెళ్లాలంటే వేలితో జరుపుకుంటూ పోవడమే.

పీడీఎఫ్ ఔట్‌లైన్ లోపల ఎలా ఉంటుందో తెలిస్తే ఈ పని తేలికవుతుంది. అది ఒక చెట్టు. ప్రతి కొమ్మకీ ఒక పేరు, అది చూపించే పేజీ, దాని కింద ఉన్న పిల్లకొమ్మలు. అంతే. ఈ చెట్టుని మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి, పీడీఎఫ్‌లోకి ఎక్కించే టూల్స్ ఉన్నాయి. ఆ టెక్స్ట్ ఫైలు ఎలా రాయాలన్న దగ్గరే వాటి మధ్య తేడా.

సీపీడీఎఫ్‌కి ఇచ్చే ఫైలు ఇలా ఉంటుంది:

0 "ముందుమాట" 3
0 "మొదటి భాగం: పునాదులు" 17
1 "పరికరాలు" 17
1 "కొలతలు" 29
0 "రెండో భాగం: గోడలు" 58

మొదటి అంకె అంచె, మధ్యలో కోట్స్‌లో పేరు, చివర పేజీ నంబరు. అంచెల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఒక్కో ఎంట్రీకి ఒక్క లైను కాబట్టి చూడగానే అర్థమవుతుంది, తప్పు ఉంటే కంటికి ఆనుతుంది.

పీడీఎఫ్‌టీకే పద్ధతి ఇంకోలా ఉంటుంది. డంప్ డేటా అనే కమాండ్‌తో ముందు పీడీఎఫ్ వివరాలన్నీ టెక్స్ట్‌గా బయటికి తీస్తారు. అందులో ఒక్కో బుక్‌మార్క్‌కి నాలుగు లైన్లు ఉంటాయి: మొదలు అని చెప్పే లైను, పేరు, అంచె, పేజీ. వాటిని దిద్ది, అప్‌డేట్ ఇన్ఫో అనే కమాండ్‌తో తిరిగి ఎక్కిస్తారు. ఇక్కడ అంచెల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. ఒక టూల్ కోసం రాసిన ఫైలుని ఇంకో టూల్‌కి మార్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. తెలుగు పేర్లు ఉన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక. మామూలు డంప్ డేటా తెలుగు అక్షరాలను నంబర్లుగా మార్చి చూపిస్తుంది. త అనే అక్షరం త అని కనిపిస్తుంది. ఒక వాక్యమంతా ఇలా ఉంటే దిద్దడం ఎవరి తరమూ కాదు. పేరు చివర యూటీఎఫ్8 అని ఉన్న కమాండ్లు విడిగా ఉన్నాయి. తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ వాటినే వాడండి.

రెండిట్లో ఏది? బుక్‌మార్కులు ఒకటీ రెండూ దిద్దడానికైతే పీడీఎఫ్‌టీకే చాలు, లినక్స్‌లో సులువుగా దొరుకుతుంది. ఔట్‌లైన్ మొత్తం కొత్తగా రాయాలంటే సీపీడీఎఫ్ నయం. అంతకన్నా ముఖ్యంగా, సీపీడీఎఫ్‌కి ఇంకొకటి చేతనవును. ఫైల్లో ఉన్న బుక్‌మార్కుల నుంచి అచ్చు పుస్తకంలోలాంటి విషయసూచిక పేజీని తయారు చేసి డాక్యుమెంటు మొదట్లో చేరుస్తుంది. అందుకు టేబుల్ ఆఫ్ కంటెంట్స్ అనే ఆప్షన్ ఉంది. సూచికకి శీర్షిక ఏం పెట్టాలో, ఏ ఫాంటు, ఎంత సైజు అన్నవి చెప్పవచ్చు. ప్రింటు తీసి పంచే డాక్యుమెంటుకి ఇది చాలా అవసరం, ఎందుకంటే బుక్‌మార్కులు స్క్రీను మీదే కనిపిస్తాయి, కాగితం మీదికి రావు.

తెలుగు శీర్షికలున్న పీడీఎఫ్‌కి మాత్రం ఇక్కడ జాగ్రత్త. పీడీఎఫ్‌లో ప్రామాణికంగా ఉండే 14 ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు. అలాంటి ఫాంటుతో సూచిక పేజీ వేయిస్తే అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీలో, అర్థం లేని గుర్తులో వస్తాయి. బుక్‌మార్కులకి ఈ సమస్య లేదు, వాటిని చూపించేది వ్యూయర్ కాబట్టి సిస్టమ్‌లో ఉన్న ఫాంటు వాడుకుంటుంది. తెలుగు పీడీఎఫ్‌కి కాగితం మీద సూచిక కావాలంటే, సూచిక పేజీ ఒక్కదాన్నీ పాన్‌డాక్‌తోనో, కింద చెప్పబోయే టైప్‌స్ట్‌తోనో విడిగా తీసి ముందు అతికించుకోవడమే మంచి దారి. ముందు పేజీలు కలిసినప్పుడు వెనక పేజీ నంబర్లు జరుగుతాయని మాత్రం మరిచిపోవద్దు.

నంబర్లు జరగడం గురించి ఇంకా చెప్పాలి, ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. పుస్తకంలో అచ్చైన పేజీ నంబరు వేరు, పీడీఎఫ్‌లో అది ఎన్నో పేజీ అన్నది వేరు. ముఖచిత్రం, ముందుమాటలు, అచ్చు వివరాలు కలిపి మొదట 16 పేజీలు ఉన్నాయనుకుందాం. అప్పుడు పుస్తకంలో 1 అని ఉన్న పేజీ పీడీఎఫ్‌లో 17వది అవుతుంది. పైన చూపిన టూల్స్ అన్నిటికీ ఇవ్వాల్సింది ఈ రెండో నంబరే. పుస్తకంలో ఉన్న విషయసూచిక చూసి టైపు చేసుకుంటే అన్నిటికీ 16 కలపాలి. చేత్తో కలపకండి. ముందు పుస్తకం నంబర్లతోనే ఫైలు రాసుకుని, ఆక్ (awk) అనే టెక్స్ట్ టూల్‌తో గానీ చిన్న పైథాన్ స్క్రిప్టుతో గానీ పేజీ నంబరుకి 16 కలిపించండి. తర్వాత మొదటి అధ్యాయం, మధ్యలో ఒకటి, చివరి అధ్యాయం తెరిచి చూడండి. మొదటిది సరిపోయి చివరిది తప్పితే, మధ్యలో నంబరు వేయని బొమ్మల పేజీలు ఉన్నాయని అర్థం. అక్కణ్ణుంచి కలపాల్సిన అంకె మారుతుంది.

వందల హెడ్డింగులు టైపు చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. పీడీఎఫ్‌లో వచనం ఎంచుకోగలిగేలా ఉంటే పీడీఎఫ్ డాట్ టాక్‌జెన్ అనే టూల్స్ కట్టను చూడండి. ఇది ఫాంటుని బట్టి హెడ్డింగులు గుర్తుపడుతుంది. ఒక అధ్యాయం పేరు ఏ ఫాంటులో, ఏ సైజులో ఉందో ముందు దాని మొదటి కమాండ్‌తో తెలుసుకుని, ఆ వివరాలను ఒక రెసిపీ ఫైల్లో చేరుస్తారు. రెండో కమాండ్ ఆ రెసిపీ ప్రకారం పుస్తకమంతా గాలించి హెడ్డింగుల జాబితా ఇస్తుంది. మూడోది దాన్ని పీడీఎఫ్‌లోకి ఎక్కిస్తుంది. మధ్యలో ఆ జాబితాని ఎడిటర్లో తెరిచి దిద్దుకోవచ్చు, నాకు బాగా నచ్చింది అదే. లేటెక్‌తో తీసిన పీడీఎఫ్‌లలో ఒక అంచె హెడ్డింగులన్నీ ఒకే ఫాంటులో, ఒకే సైజులో ఉంటాయి కాబట్టి ఫలితం చాలా శుభ్రంగా వస్తుంది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో రకం ఫాంటు వాడిన పుస్తకంలో రెసిపీ పెరిగిపోతుంది, అప్పుడు చేత్తో టైపు చేయడమే త్వరగా అవుతుంది.

స్కాన్ చేసిన పుస్తకమైతే ఈ దారి మూసుకున్నట్టే. ఓసీఆర్ (బొమ్మలో ఉన్న అక్షరాలను గుర్తుపట్టడం) చేసే ఓసీఆర్‌మైపీడీఎఫ్‌తో వచనం పొర చేర్చవచ్చు, కానీ ఆ పొరలో అసలు పుస్తకం ఫాంటు వివరాలు ఉండవు. స్కాన్‌కి నేను చెప్పేది ఒకటే. పుస్తకంలో ఉన్న విషయసూచిక పేజీలను మాత్రం ఓసీఆర్ చేయించి, వచ్చిన వచనాన్ని దిద్దుకుని, పైన చెప్పినట్టు నంబర్లు కలిపి ఎక్కించండి. ఓసీఆర్ చేసే టెసరాక్ట్‌కి తెలుగు కూడా వచ్చు. రెండు మూడు పేజీల వచనం దిద్దడం పెద్ద పని కాదు.

చాలా పీడీఎఫ్‌లు కలిపి ఒకటి చేసేటప్పుడు

ఆఫీసుల్లో ఎక్కువగా వచ్చే పని ఇది. పది మంది పంపిన పది రిపోర్టులను కలిపి ఒక ఫైలు చేయాలి, ముందు సూచిక ఉండాలి. క్యూపీడీఎఫ్ ఎంతో నమ్మకమైన టూల్, కానీ దానితో కలిపితే మొదట ఇచ్చిన ఫైలు ఔట్‌లైన్ మాత్రమే మిగులుతుంది, మిగతావాటి బుక్‌మార్కులు పోతాయి. సీపీడీఎఫ్‌తో కలిపితే అన్నిటి బుక్‌మార్కులూ నిలుస్తాయి. మర్జ్ యాడ్ బుక్‌మార్క్స్ అనే ఆప్షన్ ఇస్తే ప్రతి ఫైలు పేరుతో పైన ఒక బుక్‌మార్క్ కూడా పెడుతుంది. ఆ వచ్చిన ఫైలు మీద విషయసూచిక కమాండ్ నడిపితే పని పూర్తి. అందుకని కలిపే ముందే ఫైళ్లకి మంచి పేర్లు పెట్టుకోండి, సూచికలో కనపడేవి అవే. ఇదే ఆఫీసు పనికి వాడేటప్పుడు సీపీడీఎఫ్ లైసెన్సు షరతులు ఒకసారి చదివి, మీ వాడకానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

పుస్తకం రాస్తున్నవాళ్లకి

లేటెక్ ఇప్పటికే వచ్చినవాళ్లు దాన్నే వాడుకోండి, మారాల్సిన అవసరం లేదు. హైపర్‌రెఫ్ ప్యాకేజీ చేరిస్తే సూచికలో లింకులూ, పక్కన బుక్‌మార్కులూ వస్తాయి. నక్షత్రం గుర్తు పెట్టి నంబరు లేకుండా రాసిన అధ్యాయాలు సూచికలోకి రావు, వాటిని విడిగా చేర్చాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, లేటెక్‌లాగే పేజీలు పేర్చే టైప్‌స్ట్ చెబుతాను. 2023లో దీన్ని ఓపెన్ సోర్స్ చేశారు. ఇందులో సూచికని వేసే ఫంక్షన్ పేరే ఔట్‌లైన్. ఎన్నిసార్లు నడపాలన్న టెన్షన్ లేదు. పేజీ నంబర్లు కుదురుకునే వరకూ అదే లోపల మళ్లీ మళ్లీ పేర్చుకుంటుంది, మీరు కమాండ్ ఒక్కసారి నడిపితే చాలు. తెలుగు అక్షరాలూ బాగా పడతాయి.

సాంకేతిక మాన్యువళ్లు రాసేవాళ్లలో ఆస్కీడాక్టర్‌కి అభిమానులు ఉన్నారు, అందుకు తగ్గ కారణమూ ఉంది. అంచెల క్రమం తప్పితే, అంటే ఒక పెద్ద హెడ్డింగు తర్వాత మధ్య అంచె లేకుండా నేరుగా చిన్న హెడ్డింగు వస్తే, అది హెచ్చరిస్తుంది. చాలా టూల్స్ అలాంటిది చూసీ చూడనట్టు వదిలేసి వంకర సూచిక ఇస్తాయి. అయితే ఆస్కీడాక్టర్ పీడీఎఫ్ వాడే ప్రాన్ లైబ్రరీకి తెలుగు ఒత్తులు పేర్చడం రాదు. తెలుగు రాతకి దాని హెచ్‌టీఎంఎల్ వరకూ వాడుకుని, పీడీఎఫ్ వేరే దారిలో తీసుకోవాలి.

ఏ టూల్‌కైనా ముందు ఔట్‌లైన్ బాగుండాలి

హెడ్డింగు కోసమని మామూలు పేరాని బోల్డ్ చేసి, అక్షరం సైజు పెంచి వదిలేసిన ఫైల్లో ఔట్‌లైన్ ఉండదు. కంటికి హెడ్డింగులా కనపడుతుంది, టూల్‌కి మాత్రం అది ఇంకో పేరానే. వర్డ్ ఫైలు పాన్‌డాక్‌కి ఇచ్చి సూచిక రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే. హెడ్డింగ్ స్టైల్స్ వాడి మళ్లీ ప్రయత్నించండి.

లోతు ఎంత ఉండాలన్నది మీ నిర్ణయమే, కానీ నా అభిప్రాయం చెబుతాను. కాగితం మీద సూచికకి రెండు అంచెలు చాలు. మూడో అంచె చేరిస్తే సూచిక నాలుగైదు పేజీలకి సాగుతుంది, అప్పుడు ఆ సూచికలోనే వెతుక్కోవాల్సి వస్తుంది. బుక్‌మార్కులకి మాత్రం మూడు, నాలుగు అంచెలు ఉన్నా ఇబ్బంది లేదు, చదివేవాళ్లు కావలసిన కొమ్మనే తెరుచుకుంటారు. రెండిటికీ వేరే వేరే లోతు ఇవ్వడానికి వీలున్న చోట తప్పకుండా ఇవ్వండి.

ఒకే పేరుతో రెండు హెడ్డింగులు ఉన్నప్పుడు కూడా చూసుకోవాలి. ప్రతి అధ్యాయం చివరా "అభ్యాసాలు" అని పెడితే, పాన్‌డాక్, గిట్‌హబ్‌లు రెండోదాని లింకు పేరుకి చివర 1 అని, మూడోదానికి 2 అని చేరుస్తాయి. సూచిక వరకూ ఇబ్బంది లేదు. కానీ మీరు వచనం మధ్యలో ఆ భాగానికి లింకు ఇచ్చుకుని, తర్వాత ముందు ఎక్కడో ఇంకో "అభ్యాసాలు" చేరిస్తే, పాత లింకు వేరే అధ్యాయానికి వెళ్తుంది. అలాంటి హెడ్డింగులకి గుర్తింపు పేరు మీరే పెట్టుకోండి.

తయారైన పీడీఎఫ్‌ని పంపే ముందు మ్యూటూల్ షో కమాండ్‌కి ఫైలు పేరు, ఔట్‌లైన్ అనే మాట ఇచ్చి నడపండి. బుక్‌మార్కుల చెట్టంతా టెర్మినల్‌లో కనిపిస్తుంది. ఏ కొమ్మ తప్పు అంచెలో ఉందో, ఏ పేరు సగంలో తెగిందో అక్కడే పట్టుకోవచ్చు. సూచిక తీసే కమాండ్‌నీ దీన్నీ కలిపి ఒక మేక్‌ఫైల్లో రాసి పెట్టుకుంటే, ఆర్నెల్ల తర్వాత రెండో ముద్రణ తీసేటప్పుడు ఏ ఆప్షన్లు వాడారో వెతుక్కోనక్కర్లేదు.